దీనమ్మ చెప్పిన సున్నా

పదమూడేళ్ళు నేను ఒకే ప్రశ్న అడిగాను. "గడిచిన వారం రోజుల్లో మీ నడుము నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత?" సున్నా అంటే నొప్పి అసలు లేదని. పది అంటే ఇంతకు మించిన నొప్పి ఊహకే రాదని. జవాబు విని, కాగితం మీద అంకె వేసి, సంతకం పెట్టి, తర్వాతి మనిషిని పిలిచేదాన్ని. నా ఉద్యోగం అదే. దాన్ని ఇంతకంటే గొప్పగా చెప్పడం నాకు చేతకాదు.

అంతకుముందు నిజామాబాద్‌లోనే చాలా ఏళ్ళు నర్సుగా వార్డుల్లో పనిచేశాను. మా ఆస్పత్రి వెనక వైపు రెండు మూడు గదుల్లో నడుము నొప్పి వైద్యాల మీద పరిశోధన మొదలుపెట్టినప్పుడు నన్ను అటు మార్చారు. ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా చేరుతున్న అమ్మాయిలు ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరకు వచ్చి, "ఆంటీ, గీ పని ఎట్లుంటది?" అని అడుగుతున్నారు. ఫారాలు ఎలా నింపాలో మీకు శిక్షణలో చెబుతారు. అక్కడ చెప్పనివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. వాటిలో ఒకటి నా తప్పు. ఆ తప్పు వల్ల ఒక మనిషి ఎడమ పాదం ఇప్పటికీ సరిగా పైకి లేవదు.

రెండు తలుపుల గది

నా గదికి రెండు తలుపులుండేవి. రోగులు ఒక తలుపులోంచి వచ్చి రెండో తలుపులోంచి బయటికి పోవాలి. వైద్యం చేసే ఫిజియోథెరపిస్టులు నాకు ఎదురుపడకూడదని అలా కట్టించారు.

ఎందుకో చెబుతాను. నెలల తరబడి నడుము నొప్పితో బాధపడుతున్నవాళ్ళను చేర్చుకుని, చీటీలు తీసినట్టుగా రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు కొత్త వైద్యం, ఇంకో గుంపుకు పాతది. ఎవరిది ఏ గుంపో నొప్పిని కొలిచే మనిషికి తెలియకూడదు. తెలిస్తే చెవి ఒక పక్కకు వాలుతుంది. కొత్త వైద్యం తీసుకున్నావిడ "ఐదో ఆరో" అంటే చెయ్యి దానంతట అదే ఐదు వేస్తుంది. మోసం చేయాలని కాదు, మంచి జరగాలన్న ఆశతో.

మా పెద్ద డాక్టరు విద్యాధర్ సార్ మొదటి రోజే చెప్పారు. "సిస్టర్, మీరు మా అందరి మీద అలిగినట్టుండాలి. మాతో టీ తాగొద్దు, అన్నం తినొద్దు. రోగి వైద్యం సంగతి ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టండి."

నవ్వాననుకుంటాను. తర్వాత తెలిసింది, ఆయన హాస్యమాడలేదని. మధ్యాహ్నం పూట వాళ్ళంతా వ్యాయామం చేయించే హాల్లో చాపలు పరుచుకుని టిఫిన్లు విప్పేవారు. గోడకు ఇవతల కిటికీ దగ్గర నా డబ్బా నేను విప్పేదాన్ని. నవ్వులు వినిపించేవి. ఎందుకు నవ్వారో ఎప్పుడూ తెలిసేది కాదు. నేను పెళ్ళి చేసుకోలేదు. ఇంటికి పోతే తాళం తీసేది నేనే. పగలు పని చోటైనా నలుగురి మాట చెవిన పడుతుందనుకున్నదాన్ని, అంకెలు మాత్రమే వినే గదిలో పడ్డాను.

ఈ పనికి వచ్చేవాళ్ళు ఈ ఒంటరితనం సంగతి ముందే తెలుసుకుని రండి. అది పనిలో భాగమే. దాన్ని ఇంకోచోట నింపుకోవాలని చూస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

నొప్పి బస్సెక్కుతుంది

అంకె అడగడం తేలికనుకోకండి. మొదటి ఏడాది బోధన్ నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. చెరకు తోటలకు నీళ్ళు కట్టీ కట్టీ నడుము వంగిపోయిన మనిషి.

"పదిలో ఎంత పెద్దాయనా?"

"పది గిది నాకెర్క లేదు బిడ్డా. పొద్దుగాల బోధన్ల నాతోని బస్సెక్కుతది. గీడ నాతోనే దిగుతది."

"ఇప్పుడు ఎంతుంది మరి?"

"గీ కుర్చీల నాకంటె ముందు అదే కూసున్నది. దాన్నే అడుగు."

నేను మళ్ళీ అడగాలి, అవే మాటల్లో అడగాలి. ఒక్క మాట మార్చినా జవాబు మారిపోతుంది. ఐదోసారికి ఆయన విసుక్కుని "ఏడు రాసుకో, నీ కడుపు సల్లగుండ" అన్నాడు. రాసుకున్నాను.

ఆడవాళ్ళతో ఇంకో చిక్కు. నీళ్ళ బిందె ఎత్తలేకపోతున్నా నొప్పిని తక్కువే చెబుతారు. ఎక్కువ చెబితే పని తప్పించుకుంటుందని ఇంట్లో అంటారని భయం. అడిగేది ఎవరు, వినేది ఎవరు అన్నదాన్ని బట్టి మనిషి తన నొప్పిని చెబుతుంది. చదువుకున్న డాక్టర్లు చాలామంది దీన్ని ఒప్పుకోరు. స్కానింగ్ కాగితాన్ని నమ్ముతారు. స్కానింగులో వెన్నుపూసలన్నీ అరిగిపోయి ఉన్నా హాయిగా సైకిల్ తొక్కేవాళ్ళను చూశాను. కాగితం నిండా అంతా బాగుందని ఉండి, మంచం దిగలేనివాళ్ళనూ చూశాను.

మా మొదటి పరిశోధన నడుముకు పట్టీలు అంటించి సన్నటి కరెంటు పంపే డబ్బాల మీద జరిగింది. సగం డబ్బాల్లో లైటు వెలుగుతుంది కానీ కరెంటు రాదు. ఏది ఎవరిదో చివరి దాకా తెలియదు. బోధన్ పక్కన క్యాంపు నుంచి వెంకట్రామయ్య గారని ఒక రైతు వచ్చేవారు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి సాగు చేసుకున్నారు. ఆయన నొప్పి ఎనిమిది నుంచి రెండుకు దిగింది.

"ఆ డబ్బా నాకు ఇప్పించండమ్మా. పట్టీలు పెట్టగానే నడుమంతా జివ్వుమంటుందండీ" అని ప్రతిసారీ నా ప్రాణం తీసేవారు.

పరిశోధన ముగిసి జాబితా తెరిచినప్పుడు చూస్తే ఆయనది కరెంటు లేని డబ్బా. సార్ ఆయనను పిలిపించి నా ఎదుటే చెప్పారు. ఆయన తన నడుము తడిమి చూసుకున్నారు.

"అయితే ఆ జివ్వుమనిపించింది ఎవరండీ?"

"మీరే" అన్నారు సార్.

"నేనింత పనిమంతుణ్ణని మా ఆవిడకు ఒక చీటీ రాసివ్వండి సార్. ఎన్నేళ్ళు చెప్పినా నమ్మట్లేదు."

అందరం నవ్వాం. ఆ గదిలో వాళ్ళతో కలిసి నవ్విన రోజు నాకు అదొక్కటే గుర్తుంది. కానీ ఇంటికి పోతూ ఒక ప్రశ్నను వెంట తీసుకుపోయాను. ఆదివారాలు పల్లె సంఘాలకు పోయినప్పుడు నేను జబ్బు మనుషుల మీద చెయ్యి వేసి ప్రార్థిస్తాను. అప్పుడు వాళ్ళకు కలిగే నెమ్మది ఎక్కడిది? మోకాళ్ళ మీద ఉండి దేవుణ్ణే అడగవలసిన ప్రశ్న అది. అడిగితే నా విశ్వాసం ఏమవుతుందోనని భయపడి లోపలే మూసిపెట్టాను. భయపడి అడగని ప్రశ్న ఊరుకోదని నాకు అప్పుడు తెలియదు.

చాప మీద కూర్చున్న రోజు

మా నాన్న ఉపదేశి. రెంజల్ వైపు పల్లెల్లో సైకిల్ మీద తిరిగి వాక్యం చెప్పేవాడు. బడిలో చేరకముందే నాకు కీర్తనలు కంఠతా వచ్చు. నెలకో ఆదివారం మా స్త్రీల సమాజం తరఫున ఏడెనిమిది మందిమి ఆటోలో పల్లె సంఘాలకు పోయేవాళ్ళం. వారమంతా అంకెలు విని ఎండిపోయిన నాకు ఆ ఆదివారం వాన లాంటిది. అక్కడ నేను ప్రశ్నలు అడిగే మనిషిని కాను. నా చేతులు పట్టుకుని "సిస్టరమ్మా, నా కోసం ప్రార్థన చెయ్యి" అనేవాళ్ళు.

దీనమ్మది రెంజల్ దగ్గరి ఒక పల్లె. చెరకు మోపులు ట్రాలీలోకి ఎత్తే కూలి. అప్పటికి నలభై ఐదేళ్ళుంటాయి. భర్త ఏసోబు కూడా అదే పని. మేము రెండో పరిశోధన మొదలుపెట్టి బోధన్‌లో శిబిరం పెట్టినప్పుడు ఆమె వచ్చి చేరింది. ఈసారి వ్యాయామాల మీద. మొదటి రోజు నొప్పి ఎంతంటే ఎనిమిది చెప్పింది. ఎడమ కాలి వెనక నుంచి మడమ దాకా మంట గుంజుతుందని కూడా చెప్పింది.

మా ఫారంలో ఒక ప్రశ్న ఉండేది. ఈ రోగి మీకు బంధువా, స్నేహితురాలా, పొరుగింటివారా? ఆమె మొహం నాకు తెలుసు. వాళ్ళ గుడిలో వెనక బల్ల మీద కూర్చుంటుంది. కానీ బంధువు కాదు, స్నేహితురాలు కాదు, పొరుగింటావిడ కాదు. ప్రభువునందు సహోదరి. ఆ మాటకు ఫారంలో చోటు లేదు. "కాదు" అని టిక్కు పెట్టాను. నా తప్పు అక్కడ మొదలైంది.

ఆ నెల వాళ్ళ పల్లెకు పోయినప్పుడు ఆరాధన చివర దీనమ్మ ముందుకు వచ్చింది. ఆమె నడుము మీద చెయ్యి వేసి ప్రార్థించాను. నా అరచేతి కింద ఆ కండరాలు చెక్కలా బిగుసుకుని ఉన్నాయి. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎన్నాళ్ళయిందో ఒక మనిషిని అలా తాకి.

మరుసటి నెల, దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో దీనమ్మ లేచింది. ఆ గుడిలో అందరూ చాపల మీద కూర్చుంటారు. ముసలివాళ్ళకు, లేవలేనివాళ్ళకు వెనక ఒక బల్ల ఉంటుంది. ఆరోజు ఆమె బల్ల మీద లేదు, ముందు చాప మీద ఉంది.

"ఆరు నెలల సంది బల్ల మీద కూసున్న. సిస్టరమ్మ చెయ్యి పెట్టినంక కాలు గుంజుడు బంద్ అయింది. ఇయ్యాల సాప మీద కూసున్న, సూడుండ్రి. దేవునికి స్తోత్రం!"

గుడంతా స్తోత్రమంది. తర్వాతి పాటకు అందరూ లేచారు. దీనమ్మ కిటికీ చువ్వ పట్టుకుని లేచింది. పాట అయ్యేదాకా ఆ చువ్వ వదలలేదు. అది నేను చూశాను. చూసి కూడా, అందరూ నా వైపు తిరిగి చూస్తున్నారన్న సంగతే చూశాను.

ఆ వారమే బోధన్ శిబిరంలో ఆమె రెండో లెక్క. నా ఎదుట కూర్చుంది.

"గడిచిన వారం రోజుల్లో మీ నడుము నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత?"

"సున్నా."

"సున్నానా?"

"దేవుని ముందట సాక్ష్యం చెప్పిన గదా సిస్టరమ్మా. ఇప్పుడు నీ ముందట ఒకటంటే ఎట్లుంటది?"

నవ్వి సున్నా వేశాను. ఆ తర్వాత ప్రమాద సూచనల కోసం ప్రతి ఒక్కరినీ అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉంటాయి. కాలు తిమ్మిరి ఉందా, పాదం బలం తగ్గిందా, మూత్రానికి ఇబ్బందా.

"కాలు ఏమన్న తిమ్మిరున్నదా దీనమ్మా?"

"తిమ్మిరేంది! కాలున్నట్టే తెలుస్తలేదు. గంత హల్కగ, దూది లెక్క అయింది. దేవుడు తాకిండు."

ఎన్నో ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని. నరం నలిగిపోతున్నప్పుడు ముందు మంట ఉంటుంది. మంట ఉన్నట్టుండి పోయి కాలు ఉన్నట్టే తెలియకపోతే అది బాగుపడటం కాదు, నరం చచ్చిపోతోందని అర్థం. ఇది మొదటి ఏడాది నర్సింగ్ చదివే పిల్లకు తెలుసు. నాకు ఆరోజు తెలియలేదు. ఆమె నోట వచ్చిన మాట నాకు రోగి జవాబుగా వినపడలేదు, సాక్ష్యంగా వినపడింది. తిమ్మిరి: లేదు. బలం తగ్గడం: లేదు. మూత్రం: లేదు. మూడు లేదులు రాసి సంతకం పెట్టాను.

ఆమె వెళ్ళిపోతూ గడప దగ్గర ఎడమ చెప్పు జారిపోయింది. అది పోయిన సంగతి ఆమెకు తెలియలేదు. రెండడుగులు వేశాక చూసుకుని వెనక్కు వచ్చి, వంగి చేత్తో తొడుక్కుంది. "సెప్పు కూడ నన్ను ఇడిసిపెట్టింది" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఏసోబు ఫోను

ఇరవై రోజులు దాటలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కూర్చున్నప్పుడు ఏసోబు ఫోను చేశాడు.

"సిస్టరమ్మా, దీనమ్మకు నిన్నటి సంది ఒంటేలు వస్తలేదు. పొట్ట ఉబ్బింది. ఎడమ పాదం ఏలాడవడ్డది. జర ప్రార్థన చెయ్యుండ్రి."

అతను నన్ను అడిగింది అదొక్కటే, ప్రార్థన.

"ఏసోబు, ఇప్పుడే ఆటో మాట్లాడు. ఎక్కడా ఆగకుండా నిజామాబాద్ తీసుకొని రా. నేను గేటు దగ్గర ఉంటా."

"ప్రార్థన...?"

"చేస్తా. నువ్వు ముందు ఆటో ఎక్కించు."

ఆ పనిలో చేరాక మొదటిసారి నేను నా గది దాటి ఫిజియోథెరపీ హాల్లోకి పరిగెత్తాను. అన్నం తింటున్న వాళ్ళంతా చేతులు ఆపి చూశారు. విద్యాధర్ సార్ అన్నీ వదిలి లేచారు. స్కానింగులో తేలింది, పూసల మధ్య డిస్కు జారి, కాళ్ళకూ మూత్రాశయానికీ పోయే నరాల కట్ట మీద కూర్చుందని. అంబులెన్సులో హైదరాబాద్ పంపారు. ఆపరేషన్ చేశారు. బతికింది. మూత్రం కొన్ని వారాలకు దారికి వచ్చింది. పాదం రాలేదు. ఇంకో ఇరవై రోజులు ముందు పంపి ఉంటే వచ్చేదేనేమో అని అక్కడి డాక్టరు అన్నాడట. ఆ "ఏమో" దగ్గర నేను చాలా ఏళ్ళు ఆగిపోయాను.

మర్నాడు ఆమె ఫారం తీసి చూశాను. నా చేతిరాతలో మూడు లేదులు. ఎవరూ నన్ను అడగలేదు. అడిగే అవకాశం కూడా లేదు. రోగి చెప్పింది, నేను రాసుకున్నాను అంటే సరిపోయేది. ఆ కాగితం పట్టుకుని సార్ గదికి పోయాను. అంతా చెప్పాను. గుడి, చెయ్యి, చాప, చెప్పు.

ఆయన ఫారం తీసుకుని ఆ మూడు లేదులు చదివారు.

"మీ సంఘం వాళ్ళు ఈ పరిశోధనలో ఇంకెవరున్నారు?"

"తొమ్మిది మంది సార్."

"వాళ్ళకూ ప్రార్థన చేశారా?"

"అందరికీ చేశాను."

"ప్రార్థన చేయొద్దని నేను అనను సిస్టర్. మా అమ్మ కూడా నా కోసం పూజలు చేయిస్తుంది. కానీ ప్రార్థించిన చెయ్యే పెన్ను పట్టుకోకూడదు."

ఇంకో మనిషిని పెట్టి ఆ తొమ్మిది మందినీ మళ్ళీ అడిగించారు. చాలామంది అంకెలు పెరిగాయి. ఒకామె, "సిస్టరమ్మకు ఏడంటే బాధపడతదని మూడని చెప్పిన" అందట. పరిశోధనల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘానికి జరిగినదంతా రాశారు. ఆ తొమ్మిది మంది లెక్కలు పక్కన పెట్టారు. నన్ను కొన్నాళ్ళు కొలిచే పని నుంచి తప్పించి, తర్వాత మళ్ళీ తీసుకున్నారు, మా సంఘాల వాళ్ళెవరూ నా గదికి రాకూడదన్న షరతుతో. సార్ న్యాయంగా నడుచుకున్నారు. ఆయన చోట నేనున్నా అదే చేసేదాన్ని. కాకపోతే ఆ రోజుల్లో ఒక్కసారైనా నా గదికి వచ్చి "మీరెట్లున్నారు?" అని అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు. గోడ అవతల నవ్వులు మాత్రం, నేను డబ్బా విప్పే వేళకు కొంచెం తగ్గేవి.

మా వ్యాయామాల ఫలితం ఏమిటని అడుగుతారు. మేలు జరిగింది. మేము ఆశపడినంత కాదు. మంచం పట్టడం కంటే కదులుతూ ఉండటం మంచిది. మాత్రలు ఎక్కువ కాలం మింగడం మంచిది కాదు. అద్భుతం ఎక్కడా కనపడలేదు. నడుము నొప్పి మీద పనిచేసేవాళ్ళు ఇంత చిన్న మేలుకే తృప్తిపడటం నేర్చుకోవాలి. పెద్ద మేలు జరిగిందని ఎవరైనా చెబితే, ఆ అంకె ఎవరు అడిగారో ముందు తెలుసుకోండి.

వెనక్కి తీసుకున్న సాక్ష్యం

సార్ ముందు ఒప్పుకోవడం నాకు కష్టం కాలేదు. అసలు కష్టం గుడిలో ఉంది. ఆ పల్లెలో దీనమ్మ సాక్ష్యం విన్నవాళ్ళు ఎందరో ఉన్నారు. నొప్పి ఉన్నా లేదంటున్నవాళ్ళు వాళ్ళలో ఎందరో నాకు తెలియదు. ఇంకొకరి పాదం వేలాడే దాకా నోరు మూసుకుని ఉండాలా?

పాస్టర్ గారిని ముందుగా కలిశాను. ఆయన మంచివాడు. వానలో తడుస్తూ శవాల వెంట నడిచే మనిషి.

"సిస్టర్, గిది బయట పెడితే కొత్తగా వచ్చినోళ్ళ విశ్వాసం పడిపోతది. లోపల్లోపల ఒక్కొక్కరికి చెప్పుకోవచ్చు గదా?"

"అందరి ముందర స్తోత్రం చెప్పించుకున్న అయ్యగారూ. అందరి ముందరనే చెప్పాలి."

"మరి ప్రభువు స్వస్థపరచడంటవా?"

"స్వస్థపరుస్తాడు. బాగుపడిన కుష్ఠురోగులను పోయి యాజకునికి చూపించుకొమ్మన్నది కూడ ఆయననే గదా. పరీక్ష చేయించుకునుడు అవిశ్వాసమైతే ఆయన గట్ల ఎందుకు పంపుతడు?"

ఆయన సరే అనలేదు. వద్దనీ అనలేదు.

ఆ ఆదివారం లేచి నిలబడ్డాను. దీనమ్మ నొప్పి తగ్గలేదని, నరం దెబ్బతిని తెలియకుండా పోయిందని, అది నేను గుర్తించవలసిందని, నా సంతోషం నా కళ్ళకు అడ్డం వచ్చిందని చెప్పాను. "నొప్పి ఉంటే ఉందని చెప్పండి. ఎనిమిదైతే ఎనిమిదనే చెప్పండి. దేవునికి మన అంకె ముందే తెలుసు. తెలియంది డాక్టరుకే." కూర్చున్నాను. ఆమెన్ అని ఒక్కరు అనలేదు. బయట కోడి అరుపు వినపడింది.

మరుసటి నెల స్త్రీల సమాజం ఆటో నా కోసం ఆగకుండానే పోయింది. అడిగితే, "నీకు పని ఎక్కువుందేమో అని పిలువలే అక్కా" అన్నారు. ఆ తర్వాత నేను అడగలేదు, వాళ్ళు పిలవలేదు. నా చేతులు పట్టుకుని ప్రార్థన అడిగినవాళ్ళు ఇప్పుడు దూరం నుంచే వందనాలంటారు.

అన్నిటికంటే దీనమ్మ మాట తగిలింది. ఆస్పత్రి నుంచి వచ్చాక క్షమాపణ అడగడానికి వాళ్ళింటికి పోయాను. మంచం మీద ఉంది. నా తప్పు గురించి చెప్పబోతే చెయ్యి ఊపింది.

"ఫారం గీరం నాకెందుకు? నన్ను అందరి ముందట అబద్ధాలకోరును చేసినవ్."

"నీది అబద్ధమని చెప్పలేదు దీనమ్మా. తప్పు నాదని చెప్పిన."

"నా కాలు గుంజుడు బంద్ అయిందా లేదా? అయింది. నేను చెప్పింది గదే. నువ్వెవరివి వాపస్ తీసుకోనీకి?"

"నరం చచ్చిపోయి బంద్ అయింది దీనమ్మా."

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఏసోబు టీ తెచ్చాడు. తాగి వచ్చేశాను.

ఆమె అన్నదాంట్లో నిజముందని ఇప్పుడు అనుకుంటున్నాను. నేను చేసింది సరైన పనే, మళ్ళీ చేయాల్సివచ్చినా చేస్తాను. కానీ ముందు ఆమెను అడగాల్సింది. ప్రశ్నలు అడగడమే పనిగా పెట్టుకున్నదాన్ని, ఆ ఒక్క ప్రశ్న అడగకుండా లేచి నిలబడ్డాను.

బల్ల

రిటైరయ్యాక నాకూ నడుము నొప్పి పట్టుకుంది. ఏం చేయాలో నాకంటే తెలిసినవాళ్ళు తక్కువ. పొద్దున్నే నడుస్తాను. శ్రీలత అనే మా పాత ఫిజియోథెరపిస్టును ఇప్పుడు ధైర్యంగా అడిగి వ్యాయామాలు నేర్చుకున్నాను. ఇన్నేళ్ళు పక్క గదిలో ఉన్న ఆ అమ్మాయి నేర్పేవి ఏమిటో మొదటిసారి చూశాను. ప్రార్థన మానలేదు. చెయ్యి మాత్రం నా నడుము మీదే వేసుకుంటాను.

తెలియంది ఒక్కటే, ఈ నొప్పిని ఎవరికి చెప్పాలో. ఇంట్లో అడిగేవాళ్ళు లేరు. టౌను గుడిలో అందరూ "బాగున్నవా ఆంటీ" అంటారు, జవాబు చెప్పేలోపు దాటిపోతారు. అందుకేనేమో అప్పుడప్పుడు బస్సెక్కి ఆ పల్లె గుడికి పోతున్నాను. పిలుపు లేకుండానే పోతాను. వెనక బల్ల మీద కూర్చుంటాను. అదే బల్లకు అటు చివర దీనమ్మ కూర్చుంటుంది, ఎడమ పాదం వేలాడకుండా పట్టే ప్లాస్టిక్ పట్టీతో. ఎన్నో ఆదివారాలు ఆ బల్లకు చెరో చివర కూర్చున్నాం. వందనాలు చెప్పేదాన్ని. తల ఊపేది. మా మధ్య ముగ్గురు పట్టే చోటు ఖాళీగా ఉండేది.

పోయిన నెల పాట మొదలైంది. అందరూ లేచారు. నేను పక్కనున్న కిటికీ చువ్వ పట్టుకుని లేచాను. నిలబడ్డాక కూడా చువ్వ వదల్లేదు. లేవకుండా కూర్చునే ఉన్న దీనమ్మ నన్ను చూస్తోంది. మొహం చూడటం లేదు, నా చెయ్యి చూస్తోంది. పట్టీ కాలు నేల మీద ఈడ్చుకుంటూ బల్ల మీద ఇటు జరిగింది.

"ఎంత?" అంది.

"ఏం లేదు దీనమ్మా, మంచిగనే ఉన్న."

"గా ముచ్చట్లు నాకు చెప్పకు. సున్నా సంది పది దాక ఎంత?"

ఆ ప్రశ్నను ఎన్ని వేలసార్లు అడిగానో నాకు తెలియదు. నన్ను ఎవరూ అడగలేదు. ఐదు అందామనుకున్నాను. తక్కువ చెప్పాలనిపించింది. ఆమె నా మొహంలోకి చూస్తూ ఆగింది, నేను అందరి కోసం ఆగినట్టే, ఏ మాటా అందించకుండా.

"ఆరు" అన్నాను.

"నాది నాలుగు. ఆరుంటే నిలబడుడెందుకు? కూసో."

నా కొంగు పట్టి కిందికి లాగింది. కూర్చున్నాను. గుడంతా నిలబడి పాడుతోంది. మేమిద్దరం కూర్చుని పాడాం.